పోయిన పరపతి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి మాత్రం వెంటనే జవాబు రాయలేకపోయాను. మూడు రోజులు నా బల్ల మీదే ఉండిపోయింది. రాసినావిడ గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నంలో ఉంటున్నారు. పేరు రాయలేదు. "మా వారికి తెలియకుండా రాస్తున్నాను, ఊరి పేరు కూడా వెయ్యకండి" అన్నారు. వెయ్యను.

సంగతి ఇది. ఆవిడ భర్తకు బట్టల కొట్టుండేది. 2020లో కొట్లన్నీ మూతపడ్డప్పుడు పెళ్ళిళ్ళ కోసం తెచ్చిన సరుకు తెచ్చినట్టే బీరువాల్లో ఉండిపోయింది. బ్యాంకు అప్పు ఒకటి, ప్రోనోట్ల మీద తెచ్చినవి నాలుగు, వాటి వడ్డీలు కట్టడానికి క్రెడిట్ కార్డుల మీద తీసినవి మరికొన్ని. 2021లో ఆయన ఐ.పి. వేశారు. కోర్టు దివాలా ప్రకటించింది. కొట్టులో మిగిలిన సరుకూ, ఊరి చివరి స్థలమూ రిసీవరు చేతికి వెళ్ళాయి. కిందటేడు డిశ్చార్జి ఆర్డరు వచ్చింది. ఇప్పుడాయన ఒక ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తున్నారు. ఈవిడ ఇంట్లో జాకెట్లు కుడుతున్నారు. పెద్దమ్మాయి ఇంటరు పూర్తి చేసింది.

"అప్పులవాళ్ళు ఇంటికి రావడం మానేశారు. కాని ఇప్పుడు మా ఇంటికి ఎవరూ రావడం లేదండీ" అని రాశారావిడ. ఆ వాక్యం దగ్గరే నేను మూడు రోజులూ ఆగిపోయింది.

ఆవిడ అడిగినవి మూడు. మా వారికి ఎప్పటికైనా మళ్ళీ అప్పు పుడుతుందా, పుడితే ఎన్నేళ్ళకు? మా మరిది "వదిన పేర అప్పు తీసి కొట్టు తెరుద్దాం" అంటున్నాడు, సంతకం పెట్టనా? ఐదు వేలిస్తే కంప్యూటర్లో మా వారి పేరు బాగుచేయిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు, ఇవ్వనా?

చివరిదానికి ముందు జవాబు చెప్పేస్తాను. ఇవ్వకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మన వైపు ఐ.పి. అన్న మాట తిట్టులాగా వాడతారు. "వాడు ఐ.పి. పెట్టాడు" అంటే నలుగురినీ ముంచి నవ్వుతూ తిరుగుతున్నాడని అర్థం. నిజానికి అది కోర్టులో వేసే దివాలా పిటిషనుకు నంబరు ముందుండే రెండక్షరాలు, అంతే. చట్టం పాతది, 1920 నాటిది. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది గాని, వ్యక్తుల విషయంలో అది 2019 డిసెంబరు 1 నుంచి అమలైంది కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే. మామూలు చిన్న వర్తకుడు ఈ మధ్య కూడా ఆ పాత చట్టం కిందనే జిల్లా కోర్టు మెట్లెక్కాడు.

ఆ చట్టాన్ని తయారుచేసినవాళ్ళు మనవాళ్ళు అనుకునేటంత గుడ్డివాళ్ళేమీ కాదు. ఐ.పి. వేసేముందు రెండేళ్ళ లోపల ఆస్తిని ఊరికే ఇంకొకరి పేర రాసేస్తే ఆ రాత చెల్లదనిపించవచ్చు. మూడు నెలల లోపల ఒక అప్పులవాడికి ప్రత్యేకించి కట్టి మిగిలినవాళ్ళకు చెయ్యి చూపితే, అదీ చెల్లదనిపించవచ్చు. డిశ్చార్జి అయినా ఊరికే ఇవ్వరు. వచ్చిన ఆస్తి రూపాయి అప్పుకు అర్ధరూపాయి కూడా చాలకపోతే, అది తన చేతిలో లేని కారణం వల్ల జరిగిందని కోర్టుకు తృప్తి కలిగించాలి. లెక్కల పుస్తకాలు రాయకపోయినా, జూదమో దుబారానో ఉన్నా, తీర్చలేనని తెలిసి అప్పు చేసినా పూర్తి డిశ్చార్జి రాదు. కనుక, సోదరీ, మీ వారికి డిశ్చార్జి వచ్చిందంటే ఒక న్యాయాధికారి ఈ లెక్కలన్నీ చూసి ఇచ్చారన్నమాట. ఆ కాగితం తలగడ కింద దాచుకోవలసింది కాదు. మీ వీధిలో వాళ్ళ మాటకంటే దానికి విలువ ఎక్కువ.

నేనిది పుస్తకాలు చూసి మాత్రమే చెప్పడం లేదు. మా చిన్న మామయ్య 1970లలో మిరపకాయల వ్యాపారంలో పోయి ఐ.పి. వేశాడు. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. సెలవులకు అక్కడే ఉన్నాను. కోర్టు అమీనా, ఇంకొక గుమాస్తా వచ్చి వసారాలో కూర్చుని సామాను జాబితా రాసుకున్నారు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, "కోడలి మెళ్ళో సూత్రాలు కూడానా నాయనా?" అని అడిగింది. ఆ అమీనా లేచి నిలబడి, "తల్లీ, అవీ, వంట గిన్నెలూ, పక్కబట్టలూ మేం ముట్టుకోం. చట్టం ఒప్పుకోదు" అన్నాడు. ఆ మాట నిజమేనని పెద్దయ్యాక తెలిసింది. ఒంటి మీది బట్టలు, వండుకునే పాత్రలు, పడుకునే పక్కలు, ఆచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగ, వీటిని జప్తు చెయ్యకూడదని సివిల్ ప్రొసీజరు కోడులో రాసి ఉంది.

తర్వాత సంగతి మా అత్తయ్యది. పచారీ కొట్టు శెట్టిగారు ఖాతా మూసేశారు. అత్తయ్య ఆయనతో పోట్లాడలేదు, బతిమాలలేదు. చేతిలో ఉన్నంతకే సరుకు తెచ్చేది. ఉన్నంత అంటే పావుశేరు నూనె, అర్ధశేరు పప్పు. కొన్నాళ్ళకు ఆవిడే ఐదు రూపాయలు తీసుకెళ్ళి, "ఇది మీ దగ్గర ఉంచండి శెట్టిగారూ. ఇంత వరకే పద్దు రాయండి. వారం తిరిగేసరికి కట్టేస్తాను. కట్టకపోతే ఇందులో పట్టుకోండి" అంది. గురువారం గురువారం కట్టేది. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వరు కదా, శనివారం దాకా ఆగితే రెండు రోజులు ఆలస్యమని ఆవిడ లెక్క. ఏడాది తిరిగింది. ఒకనాడు శెట్టిగారే ఆ ఐదు రూపాయలు వాపసిచ్చి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి మామయ్య పేరు రాశారు. మామయ్యకు ఆ సంగతి చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు.

ఈనాడు బ్యాంకుల్లో పోయిన పరపతిని తిరిగి తెచ్చుకునే మొదటి మెట్టు అచ్చంగా అత్తయ్య ఐదు రూపాయలే. ఫిక్సెడ్ డిపాజిట్టు మీద ఇచ్చే క్రెడిట్ కార్డు అని ఉంది. పదిహేను వేలో ఇరవై వేలో డిపాజిట్టు వేస్తే, దానికి కొంచెం తక్కువ పరిమితితో కార్డిస్తారు. కట్టకపోతే డిపాజిట్టులోంచి పట్టుకుంటారు గనుక పాత చరిత్ర బాగుండనివారికి కూడా చాలా బ్యాంకులు ఇస్తాయి. డిపాజిట్టు మీద వడ్డీ ఎలాగూ వస్తుంది. ఆ కార్డు మీద నెలకు కరెంటు బిల్లో, గ్యాసు బండో, అంతవరకే కొనాలి. పరిమితిలో మూడోవంతు దాటకుండా చూసుకోండి. గడువు తేదీకి ముందే మొత్తం కట్టెయ్యాలి. బిల్లులో "కనీసం ఇంత కట్టండి" అని ఒక చిన్న అంకె వేస్తారు. దాని వంక చూడవద్దు. అది కట్టి ఊరుకుంటే మిగిలినదాని మీద చాలా కార్డులకు నెలకు నూటికి మూడు రూపాయల పైచిలుకు వడ్డీ పడుతుంది. మీ వారు ప్రోనోటు మీద తెచ్చినది కూడా బహుశా అంత ఉండి ఉండదు.

ఇక శెట్టిగారి పుస్తకం సంగతి. ఇప్పుడా పుస్తకం ఊరి కొట్టులో లేదు. మన దేశంలో నాలుగు సంస్థలు దాన్ని రాస్తున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో చేసిన చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేస్తాయి. మనం ఏ బ్యాంకులో ఎంత తీసుకున్నాం, ఏ నెల ఎన్ని రోజులు ఆలస్యంగా కట్టాం అన్నదంతా అక్కడికి చేరుతుంది. అదంతా కలిపి 300కూ 900కూ మధ్య ఒక అంకె వేస్తారు. జనం ఆ అంకెను జాతకంలాగా పట్టుకుని బెంగపడుతున్నారు గాని, నన్నడిగితే అంకెకంటే దాని కింద ఉన్న వరసలు ముఖ్యం.

ఆ నివేదికను ఏడాదికొకసారి ఒక్కొక్క సంస్థ నుంచీ ఉచితంగా తీసుకోవచ్చు. నాలుగూ తెప్పించండి. ఒక ఆదివారం మధ్యాహ్నం మీరూ మీ వారూ కూర్చుని, డిశ్చార్జి ఆర్డరూ, కోర్టుకిచ్చిన అప్పుల జాబితా పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అప్పుకూ ఎదురుగా ఏం రాశారో చూడండి. పూర్తిగా తీరినదానికి "క్లోజ్డ్" అని ఉంటుంది. తక్కువ తీసుకుని ఒదులుకున్నదానికి "సెటిల్డ్" అని ఉంటుంది. "రిటన్ ఆఫ్" అంటే బ్యాంకు తన లెక్కల్లో రాని బాకీగా రాసుకుందని, అంతేగాని మాఫీ చేసిందని కాదు. కోర్టు విడుదల చేసిన అప్పుకు కూడా ఇంకా బాకీ ఉన్నట్టూ, నెలనెలా పెరుగుతున్నట్టూ చూపిస్తూ ఉండవచ్చు. ఆర్డరు వచ్చినంత మాత్రాన ఈ పుస్తకాలు తమంతట తామే సర్దుకోవు. ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి.

ఆ చెప్పడం ఎలాగంటే: డిశ్చార్జి ఆర్డరు ధ్రువీకరించిన నకలు కోర్టులో దరఖాస్తు పెట్టి నాలుగైదు తీసుకోండి. ఒకటి జతచేసి బ్యాంకుకు ఉత్తరం రాయండి, రసీదు పుచ్చుకోండి. ఆ నివేదిక రాసే సంస్థకు కూడా అభ్యంతరం తెలియజెయ్యండి, దానికి రుసుము లేదు. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం. 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపవచ్చు.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా చెప్పానంటే, ఆ ఐదు వేల మనిషికి చేతనైన పని ఇంతకు మించి లేదు గనుక. తప్పు రాత ఉంటే మీరే ఖర్చు లేకుండా దిద్దించుకోవచ్చు. నిజమైన రాతను చెరపడం ఆయన తాతవల్ల కూడా కాదు. పైగా వాళ్ళు పాన్ నంబరూ, ఫోనుకు వచ్చే ఓ.టీ.పీ. అడుగుతారు. ఒకసారి చెప్పారా, మీ వారి పేర ఇంకెక్కడ ఏ అప్పు పుడుతుందో మీకే తెలియదు.

ఎన్నేళ్ళు పడుతుందని అడిగారు. తారీకు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ సంస్థలు వివరాలను కనీసం ఏడేళ్ళు ఉంచాలని నిబంధన. అయితే ఏడేళ్ళూ తలుపులు మూసి ఉంటాయని కాదు. నివేదికలో నెలనెలా కట్టిన తీరు 36 నెలల దాకా కనిపిస్తుంది. కొత్త కార్డుకు నెలకొకటి చొప్పున మంచి గడి పడుతూ పోతే, చూసేవారి కళ్ళు ముందు దాని మీదే పడతాయి. చిన్న అప్పు ముందు పుడుతుంది, ఇంటి అప్పు ఆఖర్న. ఇది మాత్రం నిశ్చయంగా చెప్పగలను. ఈలోగా కనిపించిన బ్యాంకులోకల్లా వెళ్ళి దరఖాస్తు పెట్టకండి. అడిగిన ప్రతిసారీ అడిగినట్టు కూడా అక్కడ నమోదవుతుంది. నలుగురూ కాదన్నవాణ్ణి ఐదోవాడు అనుమానంగానే చూస్తాడు. ఫోనులో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి అసలే వెళ్ళవద్దు. 2020 చివర హైదరాబాదులో వాటి వేధింపుల మీద పోలీసులు పట్టుకున్న కేసులు మీరూ పేపర్లో చదివే ఉంటారు.

ఒక్కమాట, డిశ్చార్జి ఇంకా రాని ఇళ్ళవారి కోసం. దివాలా ప్రకటించిన తర్వాత డిశ్చార్జి వచ్చేదాకా, యాభై రూపాయలు గాని అంతకు మించి గాని అప్పు తీసుకుంటే, ఇచ్చేవారికి "నేను దివాలాదారుణ్ణి" అని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ యాభై 1920లో పెట్టిన అంకె. అప్పుడది ఒక గుమాస్తా జీతం. ఇప్పుడు దానికి అరకిలో కందిపప్పు కూడా సరిగా రాదు. అంటే చట్టం అక్షరాలా చూస్తే అరువు పప్పు తెచ్చుకున్నా చెప్పి తెచ్చుకోవాలి! నవ్వు వస్తుంది గాని, ప్రోనోటు రాసేవారు మాత్రం నవ్వుకుని ఊరుకోవద్దు.

ఇక మీ మరిది మాట. ఇక్కడ నేను కొంచెం కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో ఇప్పుడు మచ్చలేనిది మీ సంతకం ఒక్కటే. భర్త దివాలా భార్య నివేదికలోకి రాదు, మీరు ఆ అప్పుల్లో సహ ఋణగ్రస్తులో హామీదారో అయి ఉంటే తప్ప. ఆ సంతకాన్ని మరిదిగారి ఆలోచనకు పెట్టుబడిగా పెడితే, కొట్టు నడిస్తే వారిద్దరిదీ, నడవకపోతే మీదొక్కరిదీ అవుతుంది. మీ వారు వ్యాపారం చెయ్యకూడదని నేననను. బట్టల సంగతి తెలిసిన మనిషి. కాని రెండేళ్ళు జీతం మీద బతికి, ఆయన పేరున కొంత నమ్మకం కూడిన తర్వాత ఆయన పేర్నే తెరవనివ్వండి.

మీకు అప్పు అవసరమైతే మీ పనికి తీసుకోండి. జాకెట్లు కుట్టేందుకు ఒక మంచి మోటారు మిషనూ, ఒక జిగ్‌జాగ్ మిషనూ కొనాలంటే, ముద్ర పథకంలో "శిశు" అనే తరగతి కింద 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా బ్యాంకులు ఇస్తాయి. మీకు ఇదివరకు అప్పు చరిత్ర ఏమీ లేకపోతే బెదరకండి. మొదటిసారి అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. రాబడి చూపించాలి. మీ కుట్టుకూలి లెక్క ఒక పుస్తకంలో రాస్తున్నారా? లేకపోతే ఇవాళే మొదలుపెట్టండి. ఆ కూలి డబ్బు మీ పేరున్న ఖాతాలో వేస్తూ ఉండండి.

అమ్మాయి చదువు గురించి మీరు ప్రశ్నగా అడగలేదు, కాని ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది. తండ్రి దివాలా కూతురి పేరుకు అంటదు. విద్యా ఋణంలో తల్లినో తండ్రినో సహ ఋణగ్రస్తులుగా పెట్టమంటారు. అక్కడ మీరుండండి. బ్యాంకుల సంఘం వారి నమూనా పథకంలో 4 లక్షల దాకా తాకట్టు గాని మూడోవారి హామీ గాని అడగరు. ఫారంలో తండ్రి వివరాలు అడిగితే దాచకండి. డిశ్చార్జి ఆర్డరు నకలు అక్కడే జతచెయ్యండి. మేనేజరు తనంతట తాను కనిపెట్టిన దివాలాకూ, మనం ముందే చెప్పిన దివాలాకూ చాలా తేడా ఉంటుంది. అంతకుముందు మీ అమ్మాయికి ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుందేమో కళాశాలలో కనుక్కోండి. వర్తిస్తే అడగవలసిన అప్పే సగానికి తగ్గవచ్చు.

ఉత్తరం చివర ఇంకో మాట రాశారు. పొరుగున ఉన్న పెద్దావిడ ఒకరు మీ వారికి చేబదులిచ్చిన ఎనిమిది వేలు కోర్టు జాబితాలో కలిసిపోయాయనీ, ఆవిడ ఒక్కమాట కూడా అనలేదనీ, అదే మీకు నిద్ర పట్టనివ్వడం లేదనీ. డిశ్చార్జితో చట్టం దృష్టిలో ఆ బాకీ లేదు. కాని మీ కుట్టుకూలిలోంచి నెలకు ఐదువందలు మీరు పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెడితే ఏ చట్టమూ అడ్డం రాదు. పదహారు నెలలు. ఈ సంగతి ఏ కంప్యూటరులోనూ నమోదు కాదు. మీ ఇంటికి ఎవరూ రావడం లేదన్నారు కదా, ముందు ఆవిడ వస్తుందేమో చూడండి. మీ వారికి కూడా చెప్పి చెయ్యండి. ఆయన వద్దంటారని నేననుకోను.

కాకినాడ నుంచి రాసిన సోదరికి: మీ వారి స్నేహితుడు ఐ.పి. వేసి డిశ్చార్జి తెచ్చుకున్నారు గనుక మీకిక భయం లేదనుకోవడం పొరపాటు. అప్పు చేసినవాడికి వచ్చిన డిశ్చార్జి హామీదారును విడిపించదు. అప్పిచ్చినవాడు మీ వారిని మొత్తానికీ అడగవచ్చు. అయితే మీరు రాసినదాన్ని బట్టి ఆ ప్రోనోటు మీద ఆయన చేసిన సంతకం హామీకో, సాక్షికో తెలియడం లేదు. సాక్షి సంతకమైతే బాకీతో సంబంధం లేదు. నకలు తెప్పించి, సంతకం పక్కన ఏ మాట రాసి ఉందో చూసి మళ్ళీ రాయండి. అంతవరకూ ఎవరు ఏ కాగితం తెచ్చినా, "ఊరికే, లెక్క కోసం" అన్నా, మీ వారిని కొత్తగా ఏ సంతకమూ పెట్టనివ్వకండి.